ముదిమి మీఱిన రౌటరు, మూగవోయిన ద్వారము

ఇంటర్నెట్టు సమాచారమును ఒక మార్గమునుండి మఱియొక మార్గమునకు మళ్ళించు యంత్రమునకు రౌటరని పేరు. ఇండ్లలోని చిన్న పెట్టెను చాలమంది యెఱుగుదురు. కళాశాలలలోను, బ్యాంకులలోను, ఆసుపత్రులలోను బీరువాలలో నమర్చిన పెద్ద రౌటరులు పది పదిహేనేండ్లు ఆగక పనిచేయుచుండును. వీనికి సమాచారము వచ్చిపోవు ద్వారములు గాక, నిర్వాహకుడు యంత్రముతో మాటాడుటకై ప్రత్యేకముగ నొక ద్వారముండును. దానిని కన్సోలు పోర్టందురు. అంతయు సవ్యముగ నున్నంతకాలము దానివంక చూచువారుండరు. చిక్కు వచ్చిననాడే దాని యవసరము. ఆనాడే అది పలుకదు.

అప్పుడు మొదట తోచు నుపాయము స్విచ్చి ఆర్పి మరల వేయుట. ఇంటిలోని చిన్న పెట్టెకు ఈ వైద్యము చెల్లునేమో కాని, ఇచ్చట అది కొఱివితో తల గోకికొనుట వంటిది. రౌటరు తాను నడచుకొనవలసిన నియమావళిని రెండుచోట్ల నుంచుకొనును. ప్రస్తుతము ఆచరణలోనున్న ప్రతి తాత్కాలిక స్మృతిలో నుండును. కరెంటు పోయిన నది తుడిచిపెట్టుకొని పోవును. భద్రపఱచిన ప్రతి వేఱొకచోట నుండును. యంత్రము లేచునపుడు దానినే చదువుకొనును. అయిదేండ్ల క్రిందట నెవరో చేసిన మార్పు భద్రపఱచబడకపోయినచో, స్విచ్చి ఆర్పిన క్షణముననే మాయమగును. దానితో నెట్‌వర్కు తీగెలగుండ లోనికిపోవు త్రోవయు మూసుకొనవచ్చును. కన్సోలు మూగవోయినది గనుక ఇక దారి లేదు. అది ఆసుపత్రి రౌటరైన, రక్తపరీక్షల ఫలితములు రోగి మంచముకడకు చేరుట నిలిచిపోవును.

భాగములకును వార్ధక్యము కలదు. రేడియో గల యింటివారికి దీనిని విడమఱచి చెప్పనక్కఱలేదు. పాతసెట్టులో కండెన్సరులు ఎండి, పాటవెనుక జుమ్మను మ్రోత వచ్చుట మనమెఱిగినదే. రౌటరు పవరు సప్లైలోను అట్టి కండెన్సరులే యున్నవి. వెచ్చగ నడచుచున్నంతకాలము ఎట్లో నెగ్గుకొని వచ్చి, ఒకసారి చల్లారి మరల లేవబోవునపుడు అవి చేతులెత్తివేయవచ్చును. 2017 ఫిబ్రవరిలో సిస్కో సంస్థ తన యంత్రములు కొన్నింటిలో గడియార సంకేతమునకు సంబంధించిన భాగమొకటి సుమారు 18 నెలల పిమ్మటనుండి చెడవచ్చుననియు, చెడినచో ఆ యంత్రము తిరిగి లేవదనియు ప్రకటించినది.

కావున వైద్యమునకు ముందు వీలునామా వ్రాయింపవలెను. నెట్‌వర్కుగుండ ఎస్.ఎస్.హెచ్. పద్ధతిని లోనికి పోగలిగినచో, ఆచరణలోనున్న నియమావళిని భద్రపఱచి, నకలును వేఱొక కంప్యూటరునకు చేర్చవలెను. 2004లో వెలువడిన సిస్కో 2800 శ్రేణివంటి పాత రౌటరులలో, మోడెము తగిలించుటకై ఆక్జిలరీ యను మఱియొక ద్వారము కూడ నుండును. అదియు నొక త్రోవయే. తీగెలకు చీటీలు కట్టుట మఱువరాదు.

ఇక పరీక్ష. కన్సోలు ద్వారము 1960 నాటి ఆర్.ఎస్.-232 ప్రమాణము ననుసరించును. సామాన్యముగ దాని వేగము సెకండునకు 9600 బిట్లు. తెరపై అర్థములేని గుర్తులు వచ్చినచో సంతోషింపవచ్చును: ద్వారము బ్రతికియే యున్నది, వేగములే కుదురలేదు. 115200 మొదలగు వేగములను ప్రయత్నింపవలెను. యంత్రము మాటలు కనబడుచు, మన మీటలకు మాత్రము బదులు రాకున్న, కంప్యూటరువైపు ఫ్లో కంట్రోలు ఏర్పాటును తొలగించి చూడవలెను. ఏమియు కనబడనిచో ముందుగ శంకింపవలసినది తీగెను. కన్సోలు తీగెయు, సామాన్య నెట్‌వర్కు తీగెయు కొనల చూపునకు ఒక్కటే. లోపలి వరుస వేఱు. అడాప్టరు సంగతి తేల్చుటకొక సులువున్నది. దాని తొమ్మిదిపిన్నుల కొనయందు 2, 3 పిన్నులను చిన్న తీగెతో కలిపి మీటలొత్తినపుడు, ఒత్తిన యక్షరమే తెరపైకి తిరిగివచ్చినచో, దోషము కంప్యూటరువైపు లేదు.

పిమ్మట కన్సోలు తీగెను రౌటరునకు తగిలించి, రెండవకొనయందు 2, 5 పిన్నుల నడుమ మీటరుతో ఓల్టేజి చూడవలెను. యంత్రము పలుకక యూరకున్నపుడు సున్నకు దిగువగ 3 మొదలు 15 వోల్టులలోపు కనబడుట ఆరోగ్యలక్షణము. తీగె మంచిదై యుండియు సున్నయే చూపిన, ద్వారములోని పిన్నుగాని, లోపలి చిప్పుగాని చెడియుండును. పిడుగుల తాకిడియు, ఎర్తు సరిగలేని ప్లగ్గులును ఇట్టి చిప్పులకు శత్రువులు. నేర్పరి దానిని మార్చగలడు. అయిన అందులకు యంత్రము నార్పక తప్పదు. బదులు యంత్రము ప్రక్కన సిద్ధముగ లేనిదే ఆ పనికి పూనుకొనరాదని నా మతము.

వేఱొక త్రోవ నడచుచున్నది కదా యని యేండ్లు గడపువారు గలరు. కాని ఇట్టి రౌటరులలో సంకేతపదము మఱచినచో, యంత్రము లేచిన మొదటి నిమిషములో కన్సోలుగుండ బ్రేకు సంకేతమును పంపియే దానిని మార్చుకొనవలెను. ఆ ద్వారము లేనివాడు సంకేతపదమును కాగితముపై వ్రాసి బీరువాలో నుంచుకొనుట మేలు. నకలును క్రొత్త యంత్రమున నెక్కించునపుడు ద్వారముల పేర్లు వేఱుగ నుండవచ్చును, దిద్దుకొనవలెను. రాకపోకలు తక్కువగ నుండు రాత్రివేళ చీటీల ప్రకారము తీగెలు మార్చి, అన్నియు నడచుచున్నవని చూచుకొనినపిమ్మటనే పాతదాని స్విచ్చి నార్పవలెను.