బృందాన్ని వీడే ముందు

మన పట్టణాలలో చిన్న చిన్న సంగీత బృందాలు అనేకం ఉన్నవి. పగలంతా బ్యాంకులోనో, పాఠశాలలోనో, దుకాణంలోనో పనిచేసి, సాయంకాలం ఎవరో ఒకరి ఇంటి ముందుగదిలో ఫిడేలూ, వేణువూ, మృదంగమూ సర్దుకొని కూర్చునేవారు కొందరు. ఆదివారం ఉదయం మేడమీది గదిలో చేరి లలితగీతాలు సాధన చేసే యువతీయువకులు మరికొందరు. వీరిలో ఎవరికీ సంగీతం జీవనోపాధి కాదు. పండుగ పందిరిలోనో, కళాశాల వార్షికోత్సవంలోనో ఒక కచేరీ చేయవలెనన్న ఉత్సాహమే వీరిని ఒకచోట చేర్చింది.

ఇట్టి బృందాలలో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి మనస్సులో ఈ ప్రశ్న పుడుతుంది: “నేను ప్రతి వారమూ వేళకు వస్తున్నాను. ఇంటివద్ద సాధన చేసి మరీ వస్తున్నాను. మిగిలినవారు వస్తే వస్తారు, లేకుంటే లేదు. ఇంకా ఇందులో కొనసాగవలెనా, మానుకొనవలెనా?” పైకి ఇది చిన్న విషయంగానే కనిపిస్తుంది. కాని ఉద్యోగమూ సంసారమూ పోగా మిగిలే కొద్దిపాటి తీరిక వేళ ఎక్కడ ఖర్చు కావలెనన్నది చిన్న విషయం కాదు. ఉండిపోతే ఏండ్లు వృథా కావచ్చును. విడిపోతే స్నేహాలు చెడవచ్చును. ఆ ఊరిలో ఉన్న ఒక్క బృందమూ మూతపడవచ్చును. కనుక నిర్ణయానికి ముందు ఈ సంగతిని కొంత నిదానంగా పరిశీలించడం మంచిది.

మొదట ‘ఔత్సాహికుడు’ అన్న మాటను గురించి ఒక అపోహ తొలగిపోవలెను. ఈ మాటకు ‘తీరిక దొరికితే చేసేవాడు’ అని చాలామంది అర్థం చెప్పుకుంటున్నారు. బళ్ళారి రాఘవగారు (1880–1946) వృత్తిచేత న్యాయవాది. న్యాయస్థానంలో వాదించి సంపాదించుకున్నారు. రంగస్థలంపై నటించి చిరకీర్తి గడించారు. నటన ఆయనకు జీవనోపాధి కాలేదు కాని, ఆయన శ్రద్ధను శంకించినవారు లేరు. ఔత్సాహికునికీ వృత్తి కళాకారునికీ ఉన్న భేదం శ్రద్ధలో లేదు. వారిని సాధనకు రప్పించే కట్టుబాటులో ఉన్నది. 1952లో ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్యబృందం ఏర్పడినప్పుడు పండిట్ రవిశంకర్, టి. కె. జయరామ అయ్యర్ గార్లు దానిని నడిపారు. అందులోని వాద్యకారులకు అది ఉద్యోగం. వేళకు రావడం ఉద్యోగధర్మంలో భాగం. ఔత్సాహిక బృందానికి జీతమూ లేదు, హాజరుపట్టీ లేదు. ఉన్నదల్లా ఒకరికొకరు ఇచ్చుకున్న మాట. ఆ మాట ఏమిటో స్పష్టంగా అనుకోని బృందాలలోనే తగవులు ఎక్కువ.

రెండవది, మన బృందం ఏ జాతికి చెందినదో గుర్తించవలెను. మన పల్లెలలో తరతరాలుగా ఉన్న భజన బృందాన్ని చూడండి. ముందు ఒకరు పాట ఎత్తుకుంటారు, పాతికమంది అందుకుంటారు. ఒకనాడు ఐదుగురు రాకపోయినా భజన ఆగదు. చివరలో వచ్చినవారు కూడా తాళాలు తీసుకొని కలిసిపోగలరు. ఇక బుర్రకథను చూడండి. నడుమ తంబూరతో కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండవ వంత లోకవిషయాలు ప్రస్తావిస్తాడు. ముగ్గురిలో ఒక్కరు లోపించినా కథ ఆ రాత్రికి నడవదు. భజనలో ఒకరి గైర్హాజరీ ఎవరికీ తెలియదు. బుర్రకథలో అదే గైర్హాజరీ ఊరందరికీ తెలుస్తుంది. ఇందులో మనుష్యుల మంచిచెడ్డల ప్రసక్తి లేదు. ఆ రెండు కళల నిర్మాణమే వేరు.

మన ఔత్సాహిక వాద్యబృందాలలో పెక్కింటి చిక్కు ఇక్కడనే ఉన్నది. వారు ఎంచుకున్న కూర్పు బుర్రకథది, పాటిస్తున్న పద్ధతి భజనది. ఒక గాయకుడు, ఒక గాయని, ఫిడేలు, వేణువు, మృదంగం అని ఐదుగురు చేరతారు. ప్రతివారి పనీ వేరు. ఒకరి స్థానంలో మరొకరు కూర్చోలేరు. కాని రాకపోకలు మాత్రం పాతికమంది ఉన్న భజనలో వలె సాగుతుంటవి.

దీని ఫలితాన్ని చిన్న లెక్కతో చూడవచ్చును. ఐదుగురిలో ప్రతి ఒక్కరూ ఐదు సాధనలలో నాలుగింటికి తప్పక వస్తారనుకుందాము. విడిగా చూస్తే ఎవరినీ తప్పుపట్టలేము; ఐదింట ఒకటి ఎవరికైనా తప్పుతుంది. ఒకరి రాకకూ మరొకరి రాకకూ సంబంధం లేదనుకుంటే, ఐదుగురూ ఒకేసారి ఉండే అవకాశం ఎంత? ఐదింట నాలుగు అన్న భిన్నాన్ని ఐదు పర్యాయాలు వేసి గుణించవలెను. ఫలితం 3125లో 1024. అనగా సుమారు మూడింట ఒకటి. వారానికి ఒక సాధన చొప్పున పన్నెండు వారాలు గడిస్తే, అందరూ కలిసి వాయించేది దాదాపు నాలుగు వారాలే. ఐదుగురూ మంచివారే, ఐదుగురూ తమవరకు తాము శ్రద్ధగలవారే. అయినా మూడు నెలల తరువాత ఒక్క పాటయినా కచేరీకి సిద్ధం కాదు. అప్పుడు ప్రతివారికీ తాను తప్ప మిగిలినవారు రావడం లేదని తోస్తుంది. తాను రాని రోజు ఏమి జరిగిందో ఎవరూ చూడలేదు గదా!

ఆలస్యం సంగతి కూడా ఇట్టిదే. సాధన రెండు గంటలు అనుకుందాము. ఒకరు అరగంట ఆలస్యంగా వస్తే నష్టం అరగంట అని వారు భావిస్తారు. నలుగురు తలకొక అరగంట వేచి ఉన్నారు. మొత్తం రెండు గంటలు. అది ఒక మనిషి పూర్తి సాయంకాలం. పైగా శ్రుతి విషయమున్నది. వేణువు శ్రుతి దాని నిర్మాణంలోనే నిర్ణయమై ఉంటుంది. ఫిడేలు తీగలను ఆ శ్రుతికి తెచ్చుకోవలెను. మృదంగం కుడివైపు అంచును రాతితోనూ కొయ్యతోనూ తట్టి శ్రుతి కలపవలెను. ఎడమవైపున తడిపిన రవ్వ ముద్ద అద్దవలెను. ఇదంతా ముగించి పాట ఎత్తుకున్న తరువాత వేణువు వాయించేవారు లోపలికి వస్తే, అందరూ మళ్ళీ మొదటికి రావలసిందే.

కనుక ‘శ్రద్ధ లేదు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టక, ఆ లోపం ఏ విధమైనదో విడదీసి చూడవలెను. అది సాధారణంగా మూడు విధాలుగా ఉంటుంది.

మొదటిది వేళ లేకపోవడం. చంటిబిడ్డ తల్లి, రాత్రి విధులున్న ఆసుపత్రి ఉద్యోగి, పరీక్షల ముందున్న విద్యార్థి ఈ కోవకు చెందుతారు. వీరు రాలేకపోయినప్పుడు ముందుగా చెబుతారు. వచ్చినప్పుడు పాఠం నేర్చుకొని వస్తారు. వీరికి కావలసింది మందలింపు కాదు, వేళ మార్పు. రెండవది సామర్థ్యం చాలకపోవడం. మిగిలినవారితో సమానంగా వాయించలేమన్న సంకోచం చేత కొందరు సాధనకు రావడమే తగ్గిస్తారు. చూచేవారికి ఇది నిర్లక్ష్యంగా కనిపిస్తుంది. పాట వేగం తగ్గించి, వారి భాగాన్ని కొంత సులభం చేస్తే వీరు నిలదొక్కుకుంటారు. మూడవది కోరిక లేకపోవడం. నలుగురూ కలుసుకోవడం, కాఫీ, కబుర్లు, పాత పాటలు రెండు పాడుకోవడం వీరికి చాలును. కచేరీ చేయవలెనన్న తలపు వీరికి లేదు. ఇది నేరం కాదు. వారమంతా అలసిన మనిషికి స్నేహితుల మధ్య రెండు పాటలు గొప్ప విశ్రాంతి. అయితే కచేరీని కోరేవారు వీరిని ఎంత బ్రతిమాలినా, ఎంత కోపించినా ప్రయోజనం ఉండదు. మొదటి రెండింటికీ ఉపాయమున్నది. మూడవదానికి లేదు. ఉండడమా, వీడడమా అన్న ప్రశ్న నిజంగా పుట్టేది మూడవదాని విషయంలోనే.

మరి ఏది ఏ విధమైనదో తెలుసుకోవడం ఎట్లా? అడిగితే తెలియదు. ‘మీకు శ్రద్ధ ఉన్నదా?’ అంటే లేదనేవారు ఎవరుంటారు? ఒక పని ముందుంచి చూడవలెను. ఒక్క పాటను ఎంచుకోండి. పది కాదు, ఒక్కటి. దానికి ఒక తేదీ పెట్టండి. ఆరు వారాలు చాలును. ఆ తేదీన ఇరుగుపొరుగువారిని పదిమందిని కూర్చోబెట్టి వినిపించవలెనని అందరూ ఒప్పుకోవలెను. సాధన మొదలయ్యే వేళ, ముగిసే వేళ ముందే నిర్ణయించి, ఎవరు వచ్చినా రాకపోయినా వేళకు ప్రారంభించండి. మృదంగం రాని రోజున చేతితో తాళం వేసుకొని సాహిత్యమూ స్వరమూ సరిచూసుకోవచ్చును. గాయని రాని రోజున వాద్యాలు రెండూ తమ భాగాలు కలుపుకోవచ్చును. ఈ ఆరు వారాలలో ఎవరు ముందుగా కబురు చేశారో, ఎవరు ఇంటివద్ద నేర్చుకొని వచ్చారో అదే తెలిసిపోతుంది.

ఈ లోపల మరొక పని కూడా చేయదగినది. నేడు ధ్వనిముద్రణ యంత్రం వెతుక్కోనవసరం లేదు. చేతిలోని ఫోనులోనే అది ఉన్నది. సాధనను ముద్రించి మరునాడు ఒంటరిగా వినండి. అయితే మొదట మీ భాగాన్నే వినండి. శ్రద్ధగా వచ్చే మనిషే కాలప్రమాణంలో పరుగెత్తుతుండవచ్చును. ఎదుటివారి తప్పులు లెక్కించే తొందరలో తన శ్రుతిని మరచిపోతుండవచ్చును. మిగిలినవారు సాధనకు ముఖం చాటుచేయడానికి కారణం వేళకు వచ్చే ఆ ఒక్కరి కఠినమైన మాట అయి ఉండడమూ కద్దు. ఈ పరీక్షలో నిలిచిన తరువాత ఇతరులను గురించి తీర్పు చెప్పడం న్యాయం.

ఆరు వారాలు గడచిన తరువాత మూడు మార్గాలు కనిపిస్తవి. పాట కుదిరితే రెండవ పాటకు పోవచ్చును. సగం కుదిరితే బృందం రూపం మార్చవచ్చును. పైన చెప్పిన లెక్కలోనే ఐదుగురికి బదులు ముగ్గురే ఉంటే, పన్నెండు వారాలలో ఆరుసార్లు అందరూ కలుస్తారు. గాయకుడు, ఫిడేలు, మృదంగం కేంద్రంగా ఉండి, తక్కినవారు వీలైనప్పుడు వచ్చి చేరే పద్ధతి అనేక స్నేహాలను కాపాడగలదు. లేదా కచేరీ ఆలోచన విడిచి, అందరూ హాయిగా పాడుకునే గోష్ఠిగా దానిని మార్చుకోవచ్చును. ఇక ఏమీ కుదరక, తేదీ వచ్చినా ఎవరికీ పట్టింపు లేకపోతే, ఆ బృందం కోరేదీ మీరు కోరేదీ వేరని స్పష్టమవుతుంది. అప్పుడు విడిపోవడమే ఉభయులకూ మేలు. మీరు అక్కడ అసంతృప్తితో కూర్చుంటే వారి సాయంకాలం కూడా చెడుతుంది.

అయితే విడిపోవడానికీ ఒక పద్ధతి ఉన్నది. ఒప్పుకున్న కచేరీ ముందున్నప్పుడు విడిపోరాదు. పందిరి వేసినవారికీ, పిలిచినవారికీ మన తగవులతో పనిలేదు. ఆ కచేరీ ముగించి, కొత్తది ఒప్పుకోకముందు చెప్పవలెను. ఫోనులో రెండు ముక్కలు వ్రాసి పంపక ఎదురుగా కూర్చుని చెప్పవలెను. చెప్పేటప్పుడు ‘మీకు శ్రద్ధ లేదు’ అనవద్దు. ‘నాకు వారానికి రెండు సాధనలున్న చోటు కావలెను’ అనండి. మొదటి మాట వాదానికి దారితీస్తుంది. రెండవ మాటకు జవాబు చెప్పవలసిన అగత్యం ఎవరికీ లేదు. అందరూ చందాలు వేసి కొన్న శ్రుతిపెట్టె, మైకు, తివాచీ ఎవరివద్ద ఉండవలెనో ఆనాడే తేల్చుకోండి. సంగీతం వల్ల వచ్చిన భేదం కొంతకాలానికి మరపునకు వస్తుంది. డబ్బు లెక్క తేలని భేదం మిగిలిపోతుంది. మీతోపాటు మృదంగం వాయించేవారిని కూడా రహస్యంగా తీసుకొనిపోవడం తగని పని. వారు రాదలచుకుంటే తామే చెప్పి వస్తారు.

విడిపోవడం శాశ్వత వైరం కానక్కరలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఆరాధన 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో రెండు పక్షాలవారి చేతిలో వేరు వేరుగా సాగింది. స్వామి సమాధికి మందిరం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు స్త్రీల కొరకు వేరొక ఏర్పాటే చేశారు. 1940–41 ప్రాంతంలో ఈ వర్గాలన్నీ ఒకటైనవి. నేడు అక్కడ నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని పంచరత్న కృతులను వందలాది గాయకులు, వాద్యకారులు ఒక్క గొంతుగా వినిపిస్తున్నారు. ఏండ్ల తరబడి వేరుగా ఉన్నవారు మళ్ళీ ఒక వరుసలో కూర్చోగలిగారంటే, వేరుగా ఉన్న కాలంలోనూ పాట మానలేదు గనుకనే.

బృందాన్ని వీడిన వారికి ఇదే ముఖ్యం. కొత్తవారు దొరికేవరకు ఫిడేలు పెట్టెలోనే ఉండిపోతే, శ్రద్ధ లేనివారికీ మనకూ భేదం ఏమి మిగిలింది? ఏ వేళ సాధనకు పోయేవారో, ఆ వారం, ఆ వేళకే ఇంటిలో శ్రుతి చేసుకొని కూర్చోండి. ఆ వేళ అట్లా నిలిచి ఉంటే, దానిలోకి వచ్చి చేరేవారు నేడు కాకున్నా రేపు దొరుకుతారు.