ఆ వరసలకే, ఆ వెర్షన్లకే

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు తెలుగు అక్షరం చూసి కుప్పకూలుతున్నాయన్న వార్త ప్రపంచమంతా పాకింది. ‘జ్ఞా’ ఉన్న మెసేజ్ తెరిస్తే యాప్ మూతపడేది. అదే నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీన్ కూడా నిలిచేది కాదు. నింద తెలుగు మీద పడింది కానీ, తప్పు మన లిపిది కాదు. అక్షరాలను తెరమీద పేర్చే ‘కోర్ టెక్స్ట్’ అనే ఆపిల్ సాఫ్ట్‌వేర్‌ది.

అయితే మామూలుగా టైపు చేసిన ‘జ్ఞానం’ ఏ ఫోనునూ ఏమీ చేయలేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’, చివర దీర్ఘం: ఈ ఐదు సంకేతాలూ ఇదే వరసలో పడితే ప్రమాదం. తెలుగులోనే వేరే హల్లులతోనూ, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరసలు దొరికాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ లోపాన్ని సరిచేసింది.

అయితే అందరూ ఫోన్ వెంటనే అప్‌డేట్ చేయరు. నాలుగు చేతులు మారి దుత్తలూరు లాంటి ఊరు చేరిన పాత ఐఫోన్‌లో 11.2.5 అలాగే ఉండిపోవచ్చు. అందుకని యాప్‌లు వాడుకునే లైబ్రరీలో, అక్షరాలు తెరకెక్కే ముందే ఆ కనిపించని సంకేతాన్ని తీసేసే ఏర్పాటు పెట్టుకోవచ్చు. ఇది తాత్కాలిక సర్దుబాటు. దీన్ని ఎక్కడిదాకా అమలు చేయాలన్నదే అసలు ప్రశ్న.

అన్ని ఫోన్లలో, అన్ని చోట్లా తీసేస్తే సులువే. కానీ ఆ సంకేతం తెలుగుకు రోజూ కావాలి. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ పొల్లు విడిగా నిలబడేది దానివల్లే, తీసేస్తే ‘సాఫ్ట్వేర్’ అయి వకారం ఒత్తుగా కిందికి జారుతుంది. ‘ఫేస్‌బుక్’ ‘ఫేస్బుక్’ అవుతుంది. ఒక వీధిలో పైపు పగిలిందని ఊరంతటికీ నీళ్లు కట్టేసినట్టే ఇది. ఏ లోపమూ లేని ఫోన్లలో మన రాత చెడిపోతుంది, అదీ ఎప్పటికీ. తెలుగు చదవని ప్రోగ్రామర్ కంటికి ఆ తేడా ఆనదు. నాకు బాధ కలిగించేది అదే.

కాబట్టి షరతు ఇరుకుగా ఉండాలి: ఐఓఎస్ 11 వరసలో 11.2.6 కన్నా పాతదైతేనే, అలాంటి ఐదింటి వరస కనిపిస్తేనే. వెర్షన్‌ను ముక్కముక్కగా అంకెలుగానే పోల్చాలి. అక్షరాలుగా పోలిస్తే 11.10 కూడా 11.2 కన్నా పాతదైపోతుంది. మార్పు తెరమీద చూపే ప్రతికే పరిమితం కావాలి, దాచిన మెసేజ్‌ను ముట్టుకోకూడదు. సర్దుబాటు పక్కనే దాని కారణం, గడువు రాసిపెడితే, లైబ్రరీ ఐఓఎస్ 11ను వదిలేసిన రోజు ఆ నాలుగు లైన్లనూ ధైర్యంగా కొట్టేయవచ్చు.