ఆకు రాలకముందే మంచు పడితే

కశ్మీర్ లోయలో ఇంటి పెరటికి తరతరాలుగా ఒక లెక్క ఉంది. ఎండలు బాగా కాసే రోజుల్లో సొరకాయ, వంకాయ, టమాటా ముక్కలు కోసి ఎండబెట్టుకుంటారు. మన ఒరుగుల లాంటివే. సెప్టెంబరులో అక్రోటు చెట్లు దులుపుతారు. అక్టోబరు ముగిసేసరికి చాలా తోటల్లో ఆపిల్ కోత పూర్తవుతుంది. నవంబరులో చినార్ ఆకులు ఎర్రబడి రాలతాయి. వాటిని పోగుచేసి కాల్చి, చలికాలంలో ఒళ్లో పెట్టుకునే ‘కాంగ్రీ’ కుంపటికి బొగ్గు తయారు చేసుకుంటారు. డిసెంబరు 21న ‘చిల్లై కలాన్’, అంటే నలభై రోజుల గడ్డు చలికాలం మొదలవుతుంది. పెద్ద మంచు పడేది సాధారణంగా ఆ రోజుల్లోనే. అప్పటికి పెరట్లో చెట్లన్నీ మోడులై ఉంటాయి.

2018 నవంబరు 3న ఈ లెక్క తప్పింది. చెట్ల మీద ఆకులు ఇంకా నిండుగా ఉండగానే లోయలో భారీగా మంచు కురిసింది. 2019లో నవంబరు 7న మళ్లీ అదే జరిగింది. 2021లో అయితే అక్టోబరు 23నే దక్షిణ కశ్మీర్‌లోని షోపియాన్, కుల్గాం ప్రాంతాల్లో మంచు పడింది. అప్పటికి కొన్ని తోటల్లో కాయ కోత కూడా పూర్తి కాలేదు. మూడుసార్లూ కొమ్మలు విరిగాయి, కొన్ని చెట్లు మొదలు దాకా చీలిపోయాయి. దేశంలో పండే ఆపిల్‌లో సింహభాగం జమ్మూ కశ్మీర్‌దే. అక్కడి పాతరకం ఆపిల్ మొక్క నాటాక నిండు కాపుకు రావడానికి పదేళ్లకు పైగా పట్టవచ్చు. అలాంటి చెట్టు ఒక్క రాత్రిలో చీలిపోతే పోయేది ఆ ఏటి పంట మాత్రమే కాదు.

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది. జనవరిలో అంతకంటే ఎక్కువ మంచును, అంతకంటే తీవ్రమైన చలిని ఇవే చెట్లు ఏటా తట్టుకుంటాయి. మరి నవంబరు మంచుకు ఎందుకు విరిగిపోతాయి?

బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

మోడు చెట్టు మీద పడిన మంచులో చాలా భాగం కొమ్మల మధ్య నుంచి నేలకు జారిపోతుంది. ఆకులున్న చెట్టు మీద అలా కాదు. ప్రతి ఆకూ ఒక చిన్న పళ్లెంలా మంచును పట్టుకుంటుంది. ఒక ఆకు మీద మంచు, దాని మీద మరో ఆకు మంచు చేరి చెట్టంతా ఒక కప్పులా మారిపోతుంది.

చిన్న లెక్క చూద్దాం. నాలుగు మీటర్ల వెడల్పున గుబురుగా పెరిగిన ఆపిల్ చెట్టు పరుచుకునే వైశాల్యం సుమారు 12.5 చదరపు మీటర్లు. గడ్డు చలిలో కురిసే పొడి మంచు ఘనపు మీటరుకు 100 కిలోలు లేదా అంతకంటే తక్కువే తూగుతుంది. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉన్నప్పుడు కురిసే తడి మంచు 200 కిలోలు, ఒక్కోసారి అంతకు మించీ తూగుతుంది. ఆ తడి మంచు 20 సెంటీమీటర్ల మందాన చెట్టు మీద నిలిచిందనుకుంటే మొత్తం బరువు సుమారు 500 కిలోలు, అంటే ఐదు క్వింటాళ్లు. కాయలు కూడా కోయకుండా ఉంటే ఆ భారం అదనం.

సీజను మొదట్లో పడే మంచు ఎక్కువగా తడి మంచే. గాలి ఇంకా పూర్తిగా చల్లబడి ఉండదు కాబట్టి మంచు రేకుల మీద సన్నని నీటిపొర ఉంటుంది. ఆ తడి వల్ల రేకులు ఒకదానికొకటి, ఆకుకూ అంటుకుంటాయి. గాలి వీచినా తేలిగ్గా రాలవు. రెండు పెద్ద కొమ్మలు ఇరుకైన పంగలా చీలే చోట చెట్టు బలహీనంగా ఉంటుంది. విరగడం సాధారణంగా అక్కడే మొదలవుతుంది.

చెట్టు ఋతువును ఎలా గుర్తిస్తుంది?

శరదృతువులో ఆకు రాల్చడం చెట్టు చేసుకునే పెద్ద ఏర్పాటు. ముందుగా ఆకులోని నత్రజని వంటి పోషకాలను కొమ్మల్లోకి, వేళ్లలోకి వెనక్కి తీసుకుంటుంది. తర్వాత ఆకు తొడిమ మొదట్లో ఒక సన్నని కణాల పొర బలహీనపడుతుంది. ఎథిలీన్ అనే హార్మోను ఈ పనిని వేగిరపరుస్తుంది. పొర తెగగానే ఆకు రాలుతుంది, ఆ చోటు మూసుకుపోతుంది. ఇదే సమయంలో కణాల్లో చక్కెరలు పెరుగుతాయి. చలి ముదిరినప్పుడు కణంలోని కొంత నీరు బయటికి పోయి, అక్కడ గడ్డకడుతుంది. అందువల్ల కణం లోపల మంచు స్ఫటికాలు ఏర్పడి అది పగిలిపోయే ప్రమాదం తగ్గుతుంది.

ఈ పని ఎప్పుడు మొదలుపెట్టాలో చెట్టుకు రెండు గుర్తులు చెబుతాయి. ఒకటి పగటి నిడివి, రెండోది చలి. పోప్లర్ వంటి చెట్లు ప్రధానంగా పగటి నిడివిని చూసుకుంటాయి. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం రాత్రి ఎంత పొడవుందో కొలుస్తుంది. ఆపిల్, పియర్ చెట్ల తీరు వేరు. వాటిని నిద్రావస్థకు పంపేది ముఖ్యంగా చలి అని ప్రయోగాల్లో తేలింది. పగలు ఎంత పొట్టిదైనా, చలి రానంతకాలం అవి ఎదుగుదల ఆపవు.

దీని అర్థం ఏమిటంటే, అక్టోబరు వెచ్చగా గడిస్తే పోప్లర్ తన తేదీకే సిద్ధమవుతుంది గానీ, పక్కనే ఉన్న ఆపిల్ ఆకును పట్టుకునే ఉంటుంది. ఒకే పెరట్లో రెండు చెట్లు, రెండు క్యాలెండర్లు.

భూమి వేడెక్కుతుంటే మంచు ముందే ఎందుకు?

కశ్మీర్‌కు చలికాలపు మంచును తెచ్చేవి పశ్చిమం నుంచి వచ్చే ‘వెస్టర్న్ డిస్టర్బెన్స్’లు. మధ్యధరా, కాస్పియన్ సముద్రాల వైపు నుంచి బయలుదేరే ఈ తుపాను వ్యవస్థలు ఎత్తులో వీచే పశ్చిమ గాలుల వెంట వచ్చి హిమాలయాలను తాకుతాయి. వాటిలో తగినంత తేమ ఉండి, ఆ సమయానికి నేల దగ్గర గాలి సున్నా డిగ్రీల చుట్టుపక్కలకు చల్లబడితే మంచు పడుతుంది, లేకుంటే వాన పడుతుంది. పైనుంచి పడే మంచు కరుగుతూ గాలిలోని వేడిని పీల్చేస్తుంది. అందుకే వానగా మొదలైనది కొన్ని గంటల్లో మంచుగా మారడం కూడా ఉంది.

ఒక ఏడాది మంచు ముందే పడిందని, అదంతా వాతావరణ మార్పు వల్లేనని తేల్చేయలేం. అలాంటి సంవత్సరాలు పూర్వమూ ఉన్నాయి. అలాగని నవంబరులో మంచు పడింది కాబట్టి భూమి వేడెక్కడం లేదనడమూ సరికాదు. సగటు ఉష్ణోగ్రత పెరిగినా, ఏ వారంలోనైనా ఒక చల్లని తుపాను రావచ్చు. పైగా ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. చూడవలసిన విషయం మరొకటి ఉంది. శరత్తు వెచ్చబడి ఆకు రాలడం ఆలస్యమైతే, చెట్టు ప్రమాదంలో ఉండే రోజులు పెరుగుతాయి. మంచు తన పాత తేదీకే వచ్చినా చెట్టుకు అది ముందుగా వచ్చినట్టే.

లెక్క తప్పడం రెండు వైపులా ఉంది. 2024 జనవరిలో, సరిగ్గా చిల్లై కలాన్ మధ్యలో, స్కీయింగ్‌కు పేరుపడ్డ గుల్మార్గ్ వాలులు మంచు లేక మట్టిరంగులో కనిపించాయి.

మంచు రాకపోయినా చిక్కే

మంచు పెరటికి శత్రువు కాదు. కొత్తగా పడ్డ పొడి మంచు పరిమాణంలో సుమారు 90 శాతం గాలే. ఆ గాలి వేడిని బయటికి పోనివ్వదు. పైన మైనస్ పది డిగ్రీలున్నా మందపాటి మంచు కింద నేల సున్నాకు దగ్గరగానే ఉంటుంది. శరత్తులో నాటిన వెల్లుల్లి, నేలలో ఉన్న కుంకుమపువ్వు దుంపలు ఆ దుప్పటి కింద భద్రంగా ఉంటాయి. కశ్మీరీల పెరట్లో తప్పక కనిపించే ‘హాఖ్’ ఆకుకూర అయితే చలికి ఇంకా రుచిగా మారుతుంది. చలిని తట్టుకోవడానికి ఆకుల్లో పెరిగే చక్కెరలే ఆ తియ్యదనానికి కారణం.

ఆపిల్‌కు చలి కూడా ఆహారం లాంటిదే. డెలిషియస్ జాతి ఆపిల్ మొగ్గలు సరిగా విచ్చుకోవాలంటే 7 డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో సుమారు వెయ్యి గంటలు గడవాలి. అందుకే హిమాచల్‌లో ఆపిల్ సాగు ఎత్తైన కిన్నౌర్, లాహౌల్-స్పితి వైపు జరుగుతోంది. తక్కువ చలితో కాసే రకాల కోసం వెతుకులాట కూడా అందుకే. హిమాచల్‌కు చెందిన హరిమన్ శర్మ రూపొందించిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అలాంటి రకమే. అది తెలంగాణలోని కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో కూడా కాసింది.

చలికాలం చివర్లో వేడి ముందే వస్తే పూత కూడా ముందే వస్తుంది. నిద్రలో ఉన్న మొగ్గ మైనస్ ఇరవైని తట్టుకోగలదు గానీ, విచ్చుకున్న పువ్వుకు మైనస్ 2 డిగ్రీల దగ్గరే నష్టం మొదలవుతుంది. మైనస్ 4 దగ్గర అరగంట గడిస్తే చాలావరకు పూలు పోతాయి.

పెరట్లో ఏం చేయవచ్చు?

మంచు పడుతున్నప్పుడే రెండు మూడు గంటలకోసారి పొడవాటి కర్రతో కొమ్మను కింది నుంచి పైకి మెల్లగా ఎత్తి దులపాలి. పైనుంచి కొడితే ఇప్పటికే వంగిన కొమ్మ విరుగుతుంది. మంచు గడ్డకట్టి కొమ్మకు అతుక్కుపోతే దాన్ని అలాగే వదిలేయడం మేలు. ఇరుకు పంగలున్న కొమ్మలకు ముందే ఊతకర్రలు పెట్టాలి. వడగళ్ల కోసం కట్టిన వలలను కోత అయిన వెంటనే చుట్టేయాలి, లేకుంటే మంచు బరువుకు వల, దాన్ని మోసే స్తంభాలు, చెట్టు కలిసి కూలతాయి. వేసవి చివర్లో నత్రజని ఎరువు వేస్తే లేత చిగుళ్లు వస్తాయి, చెట్టు చలికి సిద్ధపడడం ఆలస్యమవుతుంది. విరిగిన కొమ్మను నునుపుగా కోసి బోర్డో పేస్టు పూయాలి. సగం చీలిన పంగను వెంటనే దగ్గరికి లాగి బోల్టుతోనో తాడుతోనో బిగిస్తే కొన్ని చెట్లు బతుకుతాయి.

ఇవన్నీ కశ్మీర్ పెరటికే సంబంధించినవిగా కనిపించవచ్చు. మనం మంచు అనే ఒక్క మాటతో ఉదయపు పొగమంచును, గడ్డి మీది బిందువులను, లంబసింగిలో చలి ముదిరినప్పుడు పేరుకునే తెల్లని పొరను, హిమాలయాల్లో కురిసేదాన్ని కూడా పిలుస్తాం. ఆకాశం నుంచి పడే ఆ మంచు మన పెరట్లోకి రాదు. కానీ చెట్టు క్యాలెండరు, వాతావరణం క్యాలెండరు వేరుపడడం ఇక్కడా ఉంది. మామిడికి పూత రావాలంటే డిసెంబరు, జనవరిల్లో రాత్రులు చల్లగా ఉండాలి. ఆ చలి ఆలస్యమైతే పూతా ఆలస్యమవుతుంది. పూత మీద పొగమంచు, మబ్బు నిలిస్తే తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఎక్కువవుతాయి.

ఈ మార్పును పట్టుకోవాలంటే పెరట్లోనే రాసుకున్న తేదీలు కావాలి. దేశవ్యాప్తంగా విద్యార్థులు, సామాన్యులు కలిసి చెట్ల చిగురు, పూత, కాపు వివరాలు నమోదు చేసే ‘సీజన్‌వాచ్’ 2010 నుంచి ఈ పనే చేస్తోంది. ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి చూస్తే చాలు. కశ్మీర్‌లో ఉంటే చివరి ఆకు రాలిన తేదీ, తొలి మంచు పడ్డ తేదీ పక్కపక్కనే రాయండి. మన దగ్గరైతే మామిడి తొలి పూత కనిపించిన తేదీ, ఆ వారంలో రాత్రి ఉష్ణోగ్రత రాయండి. ఒక్క ఏడాది అంకె పెద్దగా ఏమీ చెప్పదు. పది, ఇరవై ఏళ్ల అంకెలు పక్కపక్కన ఉంటే మాత్రం ఆ రెండు తేదీల మధ్య దూరం పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. ఏ రకం నాటాలో, ఎప్పుడు కోయాలో తేల్చుకోవడానికి తోటమాలికి పనికొచ్చేది ఆ దూరమే.