మెట్టసీమయు పారిశ్రామిక ఇంజనీరును

పెనుగంచిప్రోలు నుండి జగ్గయ్యపేటకు పోవు బాట మన మెట్టసీమలో పేరుగన్నది. రెండేండ్లకొకసారి తిరుపతమ్మ తల్లి ఆలయ విగ్రహములు రంగుల కొఱకు ఈ బాటనే జగ్గయ్యపేటకు తరలిపోవును. రంగు వెలసినదని విగ్రహమును విడిచిపెట్టువారు లేరు. పని తెలిసినవారి చేతికిచ్చి, కొత్తకళ తెప్పించి, మేళతాళములతో మరల కొనివత్తురు. ఈ బాట మొదట మున్నేటి యొడ్డున పత్తిచేలు, మిరపచేలు, ఎఱ్ఱగా పండ్లు పఱచిన కల్లములు కానవచ్చును. జగ్గయ్యపేట దాటి కృష్ణానది దెసకు సాగినచో జయంతిపురము, ముక్త్యాల ప్రాంతముల సున్నపురాతి గనులును, సిమెంటు కార్ఖానాల పొగగొట్టములును కానవచ్చును. ఒకచోట పని తాతలనాటి తీరున జరుగుచున్నది. వేఱొకచోట ప్రతి నిమిషమునకు లెక్క కలదు. ఈ రెంటి నడుమనున్న భేదము యంత్రముల వలన కలిగినదే యని పలువురు తలచుచున్నారు. అది సగము నిజము మాత్రమే. పనిని పరిశీలించి, కొలిచి, సరిదిద్దు విద్య యొకటి కలదు. ఆ విద్య నెఱిగినవాడే పారిశ్రామిక ఇంజనీరు. అతనిని గూర్చి మన ప్రాంతమున తెలిసినది స్వల్పము, తెలిసికొనవలసినది మిక్కుటము.

యంత్రమును నిర్మించువాడు ఒక ఇంజనీరు. కట్టడమును లేపువాడు మఱియొకడు. పారిశ్రామిక ఇంజనీరు ఈ రెంటిని చేయడు. మనుష్యుడు, యంత్రము, సరుకు, కాలము, ధనము ఈ అయిదును ఒకచోట కలసి పనిచేయునపుడు ఎక్కడ వృథా జరుగుచున్నదో అతడు కనిపెట్టును. ఉత్పత్తి వేఱు, ఉత్పాదకత వేఱు. పదిమంది చేయు పనికి ఇరువదిమందిని పెట్టి రెట్టింపు సరుకు తీసినచో ఉత్పత్తి పెరిగినది. ఉత్పాదకత యున్నచోటనే యున్నది. వెచ్చించిన ఒక్కొక్క గంటకు, కాల్చిన ఒక్కొక్క మణుగు బొగ్గునకు, పెట్టిన ఒక్కొక్క రూపాయికి లభించు ఫలము పెరుగుటయే ఉత్పాదకత. చెమట పెంచుట కాదు, చెమటకు తగిన ఫలము నిచ్చుటయే ఈ విద్యకు ధర్మము.

ఈ విద్యకు మూలపురుషులుగా చెప్పబడు ఇరువురును చేతిపనితోనే జీవితము నారంభించిన వారు. ఫ్రెడరిక్ టేలరు 1878లో అమెరికాలోని మిడ్‌వేల్ ఉక్కు కార్ఖానాలో కూలిగా ప్రవేశించి, పనిచేయుచునే చదివి 1883లో పట్టము పొంది, ఆఱేండ్లలో ఆ కార్ఖానాకే ప్రధాన ఇంజనీరయ్యెను. ఫ్రాంకు గిల్‌బ్రెత్ 1885లో తాపీపని నేర్చుకొనుటకు చేరినవాడు. ఇటుకల కుప్ప నేలమీద నుండుటచే తాపీవాడు ప్రతి యిటుకకు నడుము వంచి లేవవలసి వచ్చుచున్నదని యతడు గమనించెను. ఇటుకలను చేతియెత్తున నుంచు మంచెను కల్పించి, ఒక్క ఇటుకకు 18గా నున్న కదలికలను 5కు దించెను. గంటకు 120 ఇటుకలు పేర్చినవారు 350 పేర్పగలిగిరని ఆనాటి లెక్క. ఇందు కొత్త యంత్రమేమియు లేదు. చూచుకన్ను మాత్రమే కలదు.

ఈ కన్ను మన కల్లములయందు తెఱచినచో ఏమి కానవచ్చును? ఒక కూలిస్త్రీ గంప నెత్తుకొని చేనినుండి కల్లమునకు ఒకదారికి 100 అడుగులు, దినమునకు 20 మారులు తిరుగుననుకొందము. రాకపోకలకు 4,000 అడుగులు. కల్లమును సగము దూరమునకు తెచ్చినచో 2,000 అడుగులు మిగులును. ఇరువదిమంది కూలీలున్నచో దినమునకు 40,000 అడుగుల వృథానడక తప్పును. కోసిన మిరపపండులో బరువున మూడింట రెండు పాళ్లవఱకు నీరే. దానిని నూటికి పది, పదునొకండు పాళ్లకు ఎండింపవలెను. ఒట్టినేలపై నెండిన కాయకు దుమ్మంటును, రాత్రి మంచునకు బూజు పట్టును, తాలు హెచ్చును. గుంటూరు యార్డులో ధర తగ్గును. తాలు నేరువారు నేలమీద గొంతుకూర్చుండి దినమంతయు నడుము వంచి పనిచేయుచున్నారు. బల్లయెత్తున కాయను పోసి ఏరుకొనుటకు ఎంత వ్యయమగును? గిల్‌బ్రెత్ మంచెకు, ఈ బల్లకు భేదము లేదు. అయినను మన భూస్వాములు మందులకు, ఎరువులకు వేలు వెచ్చింతురు గాని, పని జరుగు తీరును ఒక్క దినము కూర్చుండి చూడరు.

ఇక కార్ఖానాల సంగతి. సున్నపురాతిని కాల్చి క్లింకరు చేయుటయే సిమెంటు పరిశ్రమకు గుండెకాయ. పూర్వము రాతిపొడిని నీటితో కలిపి, ఆ బురదను కొలిమికి పంపెడివారు. ఆ నీరు ఆవిరియగుటకే విస్తారముగా బొగ్గు తగులబడెడిది; కిలో క్లింకరునకు 1,300 మొదలు 1,600 కిలోకేలరీల వేడి పట్టెడిది. 1960 ప్రాంతమున దేశములోని కొలుములు దాదాపన్నియు ఈ తడిపద్ధతివే. నేడు పొడిపద్ధతి సర్వత్ర వ్యాపించినది. కొలిమినుండి వెడలు వేడివాయువులతోనే రాతిపొడిని ముందుగా కాచి పంపుటచే మంచి కార్ఖానాలలో 700 మొదలు 750 కిలోకేలరీలు చాలుచున్నవి. అప్పటికిని మిగిలిన వేడితో నీటిని కాచి విద్యుత్తు తీయుచున్నారు. జయంతిపురమున రాంకో వారి కార్ఖానాయందు ఇట్టి విద్యుత్కేంద్రము కలదు. వెనుక గాలిలో కలసిపోయిన నిప్పు నేడు దీపమై వెలుగుచున్నది. యంత్రములు కొనితెచ్చినవారు యజమానులే యైనను, ఏ గొట్టమున ఎంత వేడి పోవుచున్నదో, ఏ మర ఎన్ని గంటలు వట్టిగా తిరుగుచున్నదో, ఏ బండి గనియొద్ద ఎంతసేపు నిలిచియున్నదో వ్రాసి చూపినవాడు ఇంజనీరు. ఆ లెక్కయే లేకున్న సంస్కారమే లేదు.

ఈ లెక్క మన మెట్టసీమకు ఇతరులకంటె నెక్కువగా కావలసియున్నది. ఒక టన్ను క్లింకరునకు సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావలయును. పంట కోసిన చేనిలో మరుసటియేడు పంట పండును. త్రవ్విన గనిలో రాయి మరల మొలవదు. ఆ రాయి పోవుచుండగా మనకు మిగులునదేమి? కొన్ని కూలి కొలువులును, బండ్ల దుమ్మును మాత్రమేనా? లేక, మన యువకుల చేతిలో ఒక విద్య మిగులునా? ఇదియే ఈ వ్యాసమున మేము అడుగదలచిన ప్రశ్న. రాయి తరగిపోవును, విద్య తరగదు. నేడు జగ్గయ్యపేటలో నేర్చిన పని రేపు విశాఖ ఉక్కు కార్ఖానాలో అక్కఱకు వచ్చును, ఎల్లుండి విదేశములలో అన్నము పెట్టును.

ఈ వృత్తి మన దేశమునకు పరాయిదని కొందఱందురు. స్వరాజ్యోద్యమ చరిత్రము ఈ మాటను ఖండించుచున్నది. 1929లో అఖిలభారత చరఖా సంఘము గాంధీమహాత్ముని ప్రేరణచే మేలైన రాట్నమునకు లక్ష రూపాయల బహుమానము ప్రకటించెను. ఆ ప్రకటనలోని షరతులను చూడుడు: రాట్నము తేలికగా నుండవలెను, పల్లెయింట చేతితోగాని కాలితోగాని త్రిప్పదగినదై యుండవలెను, స్త్రీ యొకతె అధికశ్రమ లేక ఎనిమిది గంటలు పనిచేయగలిగియుండవలెను, ఆ గంటలలో 16,000 అడుగుల నూలు రావలెను, వెల 150 రూపాయలకు మించరాదు. ఎంత నూలు, ఎన్ని గంటలు, ఎంత శ్రమ, ఎంత వెల అని నాలుగింటిని ఒక్కచోట కొలిచి నిర్ణయించిన ఈ ప్రకటన పారిశ్రామిక ఇంజనీరు వ్రాయదగిన పత్రము కాదా? యంత్రమునకు శత్రువని పేరొందిన మహాత్ముడు మానవుని శ్రమ వృథాయగుటకు శత్రువేగాని కొలతకు శత్రువు కాడు.

మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి పూర్వులు మన ఆంధ్రదేశపు మోక్షగుండమువారే. ఆయన 1923లో నష్టములలో మునిగియున్న భద్రావతి ఇనుప కార్ఖానా అధ్యక్షత వహించి దానిని సరిదిద్దెను. 1934లో భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ కావలెనని గ్రంథము వ్రాసెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952లో అంతర్జాతీయ కార్మికసంస్థ నిపుణులు మన దేశమునకు వచ్చి, మిల్లులలో పనిని పరిశీలించు పద్ధతులను చూపిరి. 1958లో జాతీయ ఉత్పాదకతా మండలి యేర్పడెను. 1963లో బొంబాయిలో పారిశ్రామిక ఇంజనీరులను తీర్చిదిద్దుటకై నైటీ యను జాతీయసంస్థ వెలసెను. 2023లో దానిని ఐ.ఐ.ఎం. ముంబయిగా మార్చిరి. ఖరగపూరునను, మద్రాసు గిండీ కళాశాలయందును ఈ విద్యకు ప్రత్యేకశాఖలు కలవు.

విద్యాలయములు కలవు; వృత్తిలో గౌరవమున్నదా? పలుచోట్ల ఈ ఇంజనీరును గడియారముతో కూలీల వెంట తిరుగువానిగను, మనుష్యుల సంఖ్యను తగ్గించు చిట్టావ్రాతగానిగను వాడుకొనుచున్నారు. అతడు చెప్పిన మాటను ఉత్పత్తిశాఖవారు వినరు. కార్మికులు అతనిని వేగులవానిగా చూతురు. నాలుగేండ్లు గడువకముందే అతడు వేఱొక శాఖకు మారును. లేదా ఊరు విడిచి హైదరాబాదు కంప్యూటరు కంపెనీలలో చేరును. ఇట్లగుట దోషము వ్యక్తిది కాదు. అతనికి మెట్లు లేని మేడను చూపిన వ్యవస్థది.

మెట్లు ఎట్లుండవలెను? మొదటి రెండు మూడేండ్లు గనియందును, కొలిమియొద్దను, గిడ్డంగియందును చేతులు మురికిచేసికొని పని నేర్వవలెను. పిదప ఒక్కొక్క శాఖలో పద్ధతిని మార్చి ఫలము చూపు బాధ్యత నొసగవలెను. ఆ పైన ఖర్చుల లెక్క, యంత్రముల అమరిక, ఇంధనపు పొదుపు అతని వశము కావలెను. ఈ చివరి విషయమున చట్టమే తోడ్పడుచున్నది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టము ప్రకారము పెద్ద కార్ఖానాలు ఇంధన నిర్వాహకుని నియమింపవలెను. అందులకు జాతీయపరీక్ష కలదు. 2012లో వచ్చిన పథకముచే నిర్ణీత లక్ష్యముకంటె నెక్కువ పొదుపు చేసిన కార్ఖానా ఆ మిగులును పత్రములుగా విక్రయింపవచ్చును. లక్ష్యము తప్పినది కొనవలెను. ఇట్లు పొదుపునకు బజారులో వెల కట్టబడినది. ఆ వెలను సంపాదించి పెట్టువాడు కార్ఖానా నిర్వహణపీఠము నెక్కుటకు అర్హుడు కాడా?

ఇచట ఒక శంక కలుగును. ఉత్పాదకత పేరుచెప్పి యంత్రములు తెచ్చి కూలీల పొట్టకొట్టరా? ఈ శంకకు ఆధారము లేకపోలేదు. ఇనుపదిమ్మెలు మోయు కూలి దినమునకు 12½ టన్నులకు మాఱుగా 47½ టన్నులు మోసెనని టేలరు తన 1911 గ్రంథమున వ్రాసెను. కూలి మాత్రము 1.15 డాలరునుండి 1.85కు పెరిగినది. పని నాలుగింతలకు చేరువ, కూలి రెండింతలు సైతము కాదు! ఆ యేటనే వాటర్‌టౌను ఆయుధశాలలో కార్మికులు గడియారపు కొలతకు వ్యతిరేకముగా సమ్మె చేసిరి. 1915లో అమెరికా శాసనసభ ప్రభుత్వ ఆయుధశాలలలో ఆ కొలతను నిషేధింపగా, నిషేధము 1949 వఱకు నిలిచినది. కొలత తెలిసి న్యాయము తెలియని విద్యకు పట్టిన గతి యిది. జపానువారు ఈ పాఠము నేర్చిరి. 1955లో వారు ఉత్పాదకతా కేంద్రము నెలకొల్పినపుడు మూడు నియమములు చేసికొనిరి: పని పోరాదు, యజమానియు కార్మికుడును కూడి ఆలోచింపవలెను, ఫలమును యజమాని, కార్మికుడు, వినియోగదారుడు న్యాయముగా పంచుకొనవలెను. ఈ మూడును లేనిచోట ఇంజనీరు గడియారము ఉరిత్రాడుగానే కనబడును.

యంత్రమే ఉత్పాదకత కాదనుటకు మన కనులయెదుటనే నాగార్జునసాగరము నిలిచియున్నది. కంకిపాడున 1902లో జన్మించి, గిండీలో చదివిన డాక్టరు కె. ఎల్. రావుగారు ఆ నిర్మాణమునకు మార్గదర్శకులలో ముఖ్యులు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట రాతికట్టడముగా, వేలకొలది కూలీల చేతులతో లేచినది. విదేశయంత్రములు ప్రియమై, మనుష్యశక్తి సమృద్ధమై యున్న ఆ దినములలో అదియే సరియైన లెక్క. 1967లో కాలువలకు నీరు వదలిరి. ముక్త్యాల రాజాగారు కలగన్న నీరు ఎడమకాలువ వెంట మన సీమవైపునకు సాగినది. ఏ వనరు కొఱతగా నున్నదో దానిని పొదుపుచేసి, ఏది సమృద్ధమో దానిని వాడుకొనుట ఈ విద్యకు ప్రథమసూత్రము. నేడు మనకు కొఱతయైనది నీరు. కాలువ చివరి రైతునకు ఆ సంగతి చెప్పనక్కఱలేదు. ఎకరమునకు ఎన్ని బస్తాలని కాక, పెట్టిన నీటికి ఎన్ని బస్తాలని లెక్కించు దినము వచ్చినది.

కనుక కర్తవ్యములు స్పష్టములు. కార్ఖానాలవారు ఈ వృత్తికి మెట్లు కట్టి, ఆ మొదటి మెట్టునకు మన సీమ యువకులను పిలువవలెను. బెజవాడ చుట్టునున్న ఇంజనీరింగు కళాశాలలును, పాలిటెక్నిక్కులును తమ విద్యార్థులను ఒక్కొక్క మాసమైనను గనులకు, జిన్నింగు మిల్లులకు, మిరప కల్లములకు పంపి, పనిని కొలిచి వ్రాయు అలవాటు నేర్పవలెను. కార్మికసంఘములు కొలతను ద్వేషింపక, ఆ లెక్కపుస్తకమును తామును చూచు హక్కును, ఫలములో భాగమును కోరవలెను. భూస్వాములు రానున్న మిరపకోతలో ఒక్క దినము గట్టున నిలిచి, తమ కల్లములో ఎవరు ఎంత నడచుచున్నారో, ఎన్నిమారులు వంగుచున్నారో వ్రాసికొనవలెను. ఆ కాగితమే వారికి మొదటి పాఠమగును.

పాతదానిని పాఱవేయక, పని తెలిసినవాని చేతికిచ్చి కొత్తకళ తెచ్చుకొనుట పెనుగంచిప్రోలు వారికి కొత్తగాదు. విగ్రహము విషయమున ఎఱిగిన ఈ మర్యాదను మన పొలముల విషయమునను, మన కార్ఖానాల విషయమునను పాటించినచో, గనులలోని రాయి తరగునాటికి మన బిడ్డల చేతిలో తరగని విద్య మిగిలియుండును.