అధికారి చెయ్యి చాచకపోతే...

ఆఫీసు గోడ మీద ‘లంచం అడగడం నేరం’ అని రాసి ఉన్నా, కిందివాళ్లు గమనించేది పైఅధికారి ప్రవర్తననే. ఆయన వేళకు వస్తే వాళ్లూ వస్తారు. ఆయన దొంగ బిల్లు మీద సంతకం పెడితే, అటెండర్‌కూ చెయ్యి చాచే ధైర్యం వస్తుంది.

బైబిల్లోని నెహెమ్యా గ్రంథం అయిదో అధ్యాయం సరిగ్గా ఈ సంగతే చెబుతుంది. పారసీక చక్రవర్తి అర్తహషస్తకు ద్రాక్షారసపు గిన్నె అందించే కొలువులో ఉన్న నెహెమ్యా, క్రీస్తుపూర్వం 445 ప్రాంతంలో యెరూషలేముకు వచ్చి యూదా దేశానికి అధికారి అయ్యాడు. అంతకుముందున్న అధికారులు ప్రజల నుంచి ఆహారం, ద్రాక్షారసంతోపాటు 40 తులాల వెండి కూడా రాబట్టేవారు. వారి పనివారు సైతం జనం మీద పెత్తనం చేసేవారని నెహెమ్యా రాశాడు. యజమాని దోచుకుంటుంటే సేవకుడు ఊరుకుంటాడా?

నెహెమ్యా మాత్రం 12 ఏళ్లపాటు అధికారికి రావలసిన భత్యాన్ని ముట్టలేదు. తన బల్ల దగ్గర 150 మంది భోంచేస్తున్నా, ఆ భారాన్ని కరువుతో, అప్పులతో నలిగిన ప్రజల మీద వేయలేదు. పొలాలు సంపాదించుకోలేదు. ప్రాకారం కట్టే పనిలో తానే నిలబడ్డాడు. ఆయన పనివారంతా పెత్తనానికి కాక, ఆ పనికే కూడి వచ్చారు. 52 రోజుల్లో ప్రాకారం పూర్తయింది.

అలాగని నాయకుడు మంచివాడైతే చాలు, అందరూ మారిపోతారని కాదు. ఎలీషా ప్రవక్త నయమాను ఇవ్వబోయిన కానుకలను వద్దన్నాడు. అయినా ఆయన సేవకుడు గేహజీ నయమాను వెనకాలే పరుగెత్తి, యజమాని పేరు చెప్పి అబద్ధమాడి, వెండి, బట్టలు పుచ్చుకున్నాడు. ఎలీషా చూసీచూడనట్టు ఊరుకోలేదు, ఎక్కడికెళ్లి వచ్చావని నిలదీశాడు. తాను నిజాయితీగా ఉండటం ఎంత అవసరమో, తన పేరు చెప్పుకుని సాగే అవినీతిని అడ్డుకోవడమూ అంతే అవసరం.

నెహెమ్యాను నిలబెట్టింది దైవభయం. ఆడిటర్ రాకపోయినా దేవుడు చూస్తున్నాడన్న స్పృహ అది. ఆదివారం ఆరాధనలో కూర్చునే మనలో చాలామందిమి సోమవారం ఎవరో ఒకరికి పైవాళ్లమే. ఆఫీసులో, బడిలో, దుకాణంలో, చివరికి చర్చిలో కూడా. కానుకల లెక్క అడిగితే కోపగించుకునే కాపరి తన సంఘానికి నిజాయితీ ఎలా నేర్పగలడు? మన కింద పనిచేసేవారు ఎలా ఉండాలని కోరుకుంటామో, ముందుగా మనమే అలా ఉండేందుకు దేవుని కృపను వేడుకుందాం.