తెల్లమచ్చకు రంగు నారు

మా అన్నగారి అమ్మాయికి యెడమ చెంప మీద, చెవికి కొంచెం దిగువగా, రూపాయి బిళ్లంత తెల్లమచ్చ వుండేది. పెళ్లిచూపులకు వచ్చినవారు ఫలహారం చేసి, కాఫీ పుచ్చుకుని, "కబురు చేస్తామండీ" అని వెళ్లిపోయేవారు. మూడోవారు మాత్రం దాచకుండా, "తెల్ల కుష్ఠు కదండీ!" అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

బొల్లి కుష్ఠు కాదు. కుష్ఠు సూక్ష్మజీవి వల్ల వస్తుంది. ఆ మచ్చకు స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చ మీద చీమ పాకినా తెలుస్తుంది. ఇది అంటదు. చర్మానికి రంగునిచ్చే మెలనోసైటు కణాలను మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరబాటున నాశనం చేస్తుంది. చేపలూ పాలూ కలిపి తింటే వస్తుందనే పెద్దలు మా యింట్లోనూ వున్నారు. మేము చేపలు ముట్టని వాళ్లం!

ముందు మందులూ, పూతలూ, అతినీలలోహిత కిరణాలూ. వాటికి లొంగని మచ్చకు కణాలు నాటే పద్ధతి వున్నది. నారు పోసి నాటిన యిళ్లవారికి ఇది వెంటనే బోధపడుతుంది. తొడ మీదనుంచి పల్చని పొర తీసి, ట్రిప్సిన్ కలిపిన ద్రవంలో 37 డిగ్రీల వేడిలో వుంచితే కణాలు విడివడతాయి. మచ్చ పైపొరను గీకి, ఆ కణాలను పరచి, వారం రోజులు కట్టు కడతారు. తీసిన చర్మానికి పదింతల మచ్చను కూడా కప్పవచ్చు. 1992లో ఫ్రాన్సులో గోతియే, ఆయన సహచరుడు చూపిన దారిని, 1998లో స్వీడనులో ఓల్సన్, యూలిన్ బాగుచేశారు. వేళ్ల కొసల మీద, కీళ్ల మీద మచ్చలు మాత్రం మొండివి.

మచ్చ కనీసం సంవత్సరం పాటు పెరగకూడదు, కొత్తది పుట్టకూడదు. లేకుంటే నాటిన కణాలూ పోతాయి. చర్మం తీసిన చోటే మరో మచ్చ లేవవచ్చు. ఈ సంగతి తెలియక మేము మొదట వెళ్లిన చోట, యేమీ అడగకుండానే, "సోమవారం రండి, డబ్బు కట్టండి" అన్నారు. మరో డాక్టరుగారు పాత ఫొటోలు తెప్పించుకు చూసి, "ఇంకా పెరుగుతున్నదమ్మా, ఆగండి" అన్నారు. ఆగాము, పధ్నాలుగు నెలలు. మన చెన్నపట్నంలో సెంట్రల్ ఎదుటి రాజీవ్‌గాంధీ ప్రభుత్వ ఆస్పత్రిలోనూ చర్మరోగ విభాగం వున్నది. ఊరికే డబ్బు పోసే ముందు అక్కడ చూపించుకోవచ్చు.

కట్టు విప్పిననాడు ఎర్రగా కనిపించిన చెంపను చూసి వదినగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. రెండో నెలలో ఆవగింజలంత గోధుమ చుక్కలు లేచాయి. ఏడో నెలకు అవి కలిసిపోయాయి. వెలుతురులో చూస్తే ఆ మేర కాస్త ముదురు.

మొన్న మరొక సంబంధం వచ్చింది. మేము నోరు విప్పేలోగా పిల్లే చెప్పింది: "నాకు బొల్లి వుండేదండీ, చికిత్స చేయించుకున్నాను." వాళ్లు కాఫీ తాగి వెళ్లారు. కబురు ఇంకా రాలేదు.