అవటు గ్రంథి – నెత్తుటి సాక్ష్యము

భావనపాడు తీరమునుండి నౌపడ వైపు పోవువారికి త్రోవలో ఉప్పుమళ్ళు కనిపించును. సముద్రము చెంతనే ఉన్నది, ఉప్పు ముంగిటనే పండుచున్నది, పూటపూటకు చేపల పులుసు ఉన్నది. ఇట్టి చోట గొంతు గ్రంథి జబ్బు ఏల వచ్చునని అడుగువారు గలరు. ప్రశ్న సహేతుకమైనదే.

గొంతు ముందుభాగమున సీతాకోకచిలుకవలె అమరియున్న అవటు గ్రంథిని నేడు అందరును థైరాయిడ్ అనియే పిలుచుచున్నారు. దాని స్రావమునకు అయొడిన్ ముడిసరకు. సముద్రపు చేపలో అయొడిన్ ఉన్నది గాని, మడిలో పండిన ఉప్పులో ఉన్నది మిక్కిలి స్వల్పము. అందుచేతనే ఉప్పునకు దానిని వేరుగా కలుపవలసి వచ్చినది. ఈ సందర్భమున ఈ జిల్లావారు మరువరాని పేరు ఒకటి గలదు. 1921లో శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956 మొదలు హిమాలయ ప్రాంతమునందలి కాంగ్రా లోయలో అయొడిన్ ఉప్పు పంచి, గళగండము తగ్గునని నిరూపించిరి. 1962లో ప్రభుత్వము జాతీయ గళగండ నివారణ పథకమును ప్రారంభించెను.

అయినను అయొడిన్‌కు లోటు లేనివారికిని ఈ గ్రంథి చెడుచున్నది. దానికి సమాధానము కూడ ఆ 1956వ సంవత్సరముననే లభించుట వింతయే. జపాను వైద్యుడు హషిమోటో 1912లో వర్ణించిన థైరాయిడ్ వాపు గల రోగుల సీరమును, అనగా నెత్తురు గడ్డకట్టగా పైకి తేరిన పసుపుపచ్చని ద్రవమును, లండనులో డోనియాక్, రాయిట్ మొదలగువారు థైరాయిడ్ సారముతో కలిపి చూచిరి. తెల్లని అవక్షేపము ఏర్పడెను. బయటి శత్రువును పట్టవలసిన ప్రతిరక్షకములు ఇంటివానినే పట్టుచున్నవని దానివలన తేలినది. గ్రంథిని క్షీణింపజేయక, అదుపులేకుండ పనిచేయించు మరొక జాతి ప్రతిరక్షకము గలదు. గ్రేవ్స్ వ్యాధికి అదియే కారణము. దాని జాడను అదే ఏడు న్యూజిలాండులో ఆడమ్స్, పర్వెస్ అనువారు కనుగొనిరి.

కంటికి కనబడని ఈ పదార్థమును కొలుచుట ఎట్లు? పూర్వము సీరమును మరల మరల సగమునకు సగము పలుచన చేయుచు, ఎన్నవ పలుచన వరకు ప్రతిక్రియ నిలిచెనో చూచి లెక్క వ్రాసెడివారు. నేటి పద్ధతి వల వేయుటవంటిది. చిన్న గుంట అడుగున థైరాయిడ్‌కు చెందిన ఒక మాంసకృత్తును అంటించి, రోగి సీరము పోసి, పిమ్మట కడిగివేయుదురు. వలకు తగిలిన చేపవలె ప్రతిరక్షకము నిలిచిపోవును. తక్కినది నీటితో జారిపోవును. నిలిచినదానిని గుర్తించుటకు రంగునో కాంతినో ఇచ్చు మరొక పదార్థమును తగిలించి, ఆ వెలుగును ముందే పరిమాణము తెలిసిన సీరముతో పోల్చి అంకె కట్టుదురు. సాధారణముగ కొలుచునది థైరాయిడ్ పెరాక్సిడేజ్ అను ఎంజైముపై పోరాడు ప్రతిరక్షకము. చీటీలో యాంటీ టీ.పీ.ఓ. అని ఉండును. యంత్రము మారినచో అంకెయు మారవచ్చును గనుక ఒకచోటి చీటీని వేరొకచోటి చీటీతో పోల్చరాదు. జుట్టు కొరకు బయొటిన్ మాత్రలు వాడువారు ఆ సంగతి ముందుగా చెప్పవలెను. కొన్ని పరీక్షలను అది తప్పుదారి పట్టించును.

ఇచ్చట మేము కొంత గట్టిగా చెప్పవలసియున్నది. అంకె వందలలో ఉన్నదని బెంగపడి, మూడు నెలలకొకమారు వేటకూలి డబ్బును ఈ పరీక్షకే ధారపోయుట వ్యర్థము. ప్రతిరక్షకము జబ్బునకు కారణమును తెలుపు సాక్షియే గాని, మందు మోతాదును తేల్చు తక్కెడ కాదు. ఆ పని టీ.ఎస్.హెచ్. అను వేరొక పరీక్షది. ప్రతిరక్షకములుండియు జీవితాంతము ఆరోగ్యముగ నుండువారు అనేకులు. ఇంగ్లండులోని విక్‌హాంలో ప్రజలను 20 ఏండ్లు గమనింపగా, ప్రతిరక్షకములు మాత్రమే ఉన్న స్త్రీలలో ఏటా నూటికి ఇద్దరికి, టీ.ఎస్.హెచ్. కూడ హెచ్చుగా ఉన్నవారిలో నలుగురికి చొప్పున గ్రంథి మందగించినది. కనుక ఆ రెండవ పరీక్షను డాక్టరు చెప్పిన గడువున చేయించుకొన్న చాలును.

ఉప్పు మానివేయువారును గలరు. అయొడిన్ పెరిగినపుడు ఈ ప్రతిరక్షకములు కొంత పెరుగుట డెన్మార్కు మున్నగు దేశములలో చూచిన మాట నిజమే. అయినను కాంగ్రా లోయలో వలె గొంతులు ఉబ్బిన కాలమునకు మరలిపోవలెనని ఎవరును కోరరు. వంటకు వాడు అయొడిన్ ఉప్పును మానవలసిన పనిలేదు. సముద్రపు నాచు మాత్రలవంటివి మాత్రము కూడవు.

కొలత నిజముగా అవసరమగు తావు గర్భము. గ్రేవ్స్ ప్రతిరక్షకము మావిని దాటి శిశువును చేరి, ఆ చిన్ని గ్రంథిని కూడ పరుగెత్తించగలదు. తల్లికి శస్త్రచికిత్సతో గ్రంథిని ఏనాడో తొలగించియున్నను ఆ ప్రతిరక్షకము నెత్తుటిలో మిగిలియుండవచ్చును, ఆమె టీ.ఎస్.హెచ్. మందుతో సరిగా ఉండుటచే ఎవరికిని అనుమానము రాదు. అట్టి తల్లి గర్భవతియైన తొలి మాసములలోనే, పాత జబ్బు సంగతిని కానుపు చూచు డాక్టరుకు చెప్పి ఆ ప్రతిరక్షకమును కొలిపించుకొనవలెను.